సంతకానికి ముందు

"బడిని ఎవరు నడుపుతారు?" అని మన క్లాసులో ఎవరిని అడిగినా "గవర్నమెంటు" అనే జవాబే వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు. కానీ ఆ గవర్నమెంటు ఒక పల్లెటూరిదాకా ఎట్లా వస్తుంది, ఎవరి చేతిలో ఏ అధికారం పెడుతుంది, ఒక చిన్న బడి బాగుపడటం, చెడిపోవటం ఏ కాగితం మీద తేలుతుంది అన్నవి ఆ ఒక్క మాటలో దొరకవు. మా ఊరి బడి కమిటీకి మా అమ్మ రెండేళ్ళు అధ్యక్షురాలుగా ఉంది. ఆ రెండేళ్ళలో ఆమె నోట విన్నవి, ఆమె కోసం నేను చదివి తెలుసుకున్నవి ఈసారి మన గోడపత్రికకు రాస్తున్నాను. మనలో చాలామంది ఊళ్ళలో ఇట్లాంటి బడి ఒకటి ఉంది కాబట్టి ఇది మీకూ పనికొస్తుందని ఆశ.

మాది హొసూరు నుంచి డెంకణికోట పోయే దోవలో ఒక చిన్న పల్లె. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే బడి తెలిసిపోతుంది, అయివార్లు ఎవరో తెలిసిపోతుంది. బెంగుళూరు మాకు దగ్గర, కుప్పం దగ్గర, మద్రాసు మాత్రం 300 కిలోమీటర్ల పైమాటే. సరుకు బెంగుళూరు పోతుంది, పెండ్లి సంబంధాలు కుప్పం పక్క నుంచి వస్తాయి, ఉత్తర్వులు మద్రాసు నుంచి వస్తాయి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం. రాగులు, టమాటాలు, రోజాపూలు మా పంటలు.

మేము ఎక్కడినుంచో వచ్చి చేరినవాళ్ళం కాదు. మా అవ్వ సేలం జిల్లాలో పుట్టింది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడింది కాబట్టి మా నాయన ధర్మపురి జిల్లాలో పుట్టినాడు. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా వచ్చింది, ఆ ఏడే పుట్టిన నేను కృష్ణగిరి జిల్లా బిడ్డని. ముగ్గురం పుట్టింది ఒక్క ఇంట్లోనే. జిల్లా పేరు మారినప్పుడల్లా మా బడి రిపోర్టు పోయే ఆఫీసు మారింది. అంతకుమించి మాకేమీ మారలేదు.

మా ఊళ్ళో ఉండేది పంచాయతీ యూనియన్ ప్రాథమిక పాఠశాల. 1 నుంచి 5 వరకు తరగతులు, ఒక పక్క తమిళ మీడియం, ఒక పక్క తెలుగు మీడియం. పేరులో పంచాయతీ ఉన్నా అయివార్లను వేసేది, జీతమిచ్చేది, బదిలీ చేసేది విద్యాశాఖ. హెడ్మాస్టరు పైన బ్లాకు విద్యాధికారి, ఆయన పైన జిల్లా విద్యాధికారి, ఆ పైన ముఖ్య విద్యాధికారి, అందరి పైన మద్రాసులో డైరెక్టరు. ఆ డైరెక్టరు ఆఫీసు మన నుంగంబాకం కాలేజీ రోడ్డులోనే ఉంది. అందరూ డి.పి.ఐ. అని పిలుస్తారే, 2022లో పేరాసిరియర్ అన్బళగన్ పేరు పెట్టినారే, ఆ ప్రాంగణమే. మధ్యాహ్నం అన్నం సాంఘిక సంక్షేమశాఖ లెక్కలోకి వస్తుంది. పొద్దుటి టిఫిను వండేది మహిళా సంఘాల వాళ్ళు. రెండు గదులున్న మా బడికి ఇందరు యజమానులు. నీళ్ళ పంపు చెడితే ఎవరికి చెప్పుకోవాలో తేలేలోపల పిల్లలు ఇంటినుంచి సీసాలు తెచ్చుకోవడం అలవాటు చేసుకుంటారు.

ఇందరి మధ్య ఊరి వాళ్ళకూ ఒక చోటు ఉండాలని చట్టమే చెప్పింది. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక మేనేజ్‌మెంటు కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు. బడి ఎట్లా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చయిందో కనిపెట్టడం ఈ కమిటీ పనులు. తమిళంలో దీన్ని పళ్ళి మేలాణ్మై కుళు అంటారు. మేము బడి కమిటీ అంటాం. 2022లో తమిళనాడు అంతటా ఈ కమిటీలను కొత్తగా వేసినారు. 20 మంది సభ్యుల్లో 15 మంది తల్లిదండ్రులే. మా తమ్ముడు అప్పుడు 2వ తరగతి. వాని తల్లిగా మా అమ్మ కమిటీలోకి వచ్చింది, అట్లే అధ్యక్షురాలూ అయింది.

అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కూతురికి ఫోన్లో ఈ సంగతి చెబితే, "మా దగ్గర స్కూల్ బోర్డు ఉంటుందే, అట్లాంటిదా?" అని అడిగింది. అక్కడ చాలాచోట్ల స్కూల్ డిస్ట్రిక్టు అనే పేరుతో ఒక ప్రాంతం బడులన్నీ ఒక పాలన కింద ఉంటాయి. ఆ ప్రాంతం జనం ఓటు వేసి బోర్డును ఎన్నుకుంటారు. ఇండ్ల మీద, భూముల మీద వేసే పన్నులో ఒక భాగం ఆ బడులకు పోతుంది. మా కమిటీకి పన్ను వేసే అధికారం లేదు, అయివారిని వేసే అధికారమూ లేదు. ఒక్క విషయంలో మాత్రం రెండు చోట్లా కథ ఒకటే. 1939-40లో అక్కడ 1,17,000కు పైగా ఉండిన స్కూల్ డిస్ట్రిక్టులు కలుపుతూ కలుపుతూ ఇప్పుడు 13,000 చిల్లరకు దిగినాయి. పల్లె చిన్నదైతే బడి నిలవటం ఎక్కడైనా కష్టమే అని అక్క అనింది.

మా కమిటీ చేతిలో ఉండేది ఒక్క పుస్తకం. తీర్మానాల పుస్తకం. నెలకొకసారి మీటింగు జరుగుతుంది. హెడ్మాస్టరు సారు తమిళంలో రాస్తారు, అందరూ కింద సంతకం పెడతారు. ఇప్పుడు తీర్మానాలు ఫోను ఆప్‌లో కూడా ఎక్కిస్తారు. సారు చెడ్డవాడు కాదు. హాజరు పట్టీలు, భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఫారాలు అన్నీ ఆయనే చూసుకోవాలి, మధ్యలో రెండు మూడు తరగతులకు పాఠం చెప్పాలి. చట్టంలో అయివార్లను వేరే పనులకు వాడగూడదని ఉన్నా జనాభా లెక్కలు, ఎలక్షన్లు, విపత్తు సాయం మాత్రం మినహాయింపు. కాబట్టి ఆ మీటింగు ఆయనకు ఇంకొక పని. తొందరగా అయిపోతే చాలు.

అమ్మది కుప్పం పక్క. 7వ తరగతి దాకా తెలుగులో చదివింది. తమిళం మాట్లాడుతుంది గానీ చదవలేదు. మొదటి మీటింగులో పుస్తకం ముందర పెట్టినప్పుడు, "ఏమి రాసిండారో తెలీకుండా నా పేరు ఎట్ల పెట్టేది సార్?" అని అడిగిందట. "ఎప్పుడూ ఉండేదే అమ్మా, నీళ్ళు, గోడ, మరుగుదొడ్డి. పెట్టండి" అన్నారట సారు. అమ్మ సంతకం పెట్టింది. ఇంటికి పోయే ముందు తమ్మునితో ఆ పేజీని ఫోటో తీయించింది. ఆ రాత్రి అది నా హాస్టలు ఫోనుకు వచ్చింది.

అక్కడినుంచి ప్రతి నెలా మీటింగు రోజు రాత్రి ఇదే మా పని. నేను ఫోటో పెద్దది చేసి తమిళం చదివి, తెలుగులో చెప్పేదాన్ని. 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరిగా నేర్చుకోవాలనే చట్టం వచ్చింది. 2006-07లో 1వ తరగతితో మొదలై ఏడాదికొక మెట్టు ఎక్కుతూ 2015-16కు 10వ తరగతి చేరింది. ఆ మెట్ల మీదుగానే నేనూ వచ్చినాను. దాని మీద మా పక్క ఎన్నో బాధలు, కోర్టు కేసులు ఉన్నాయి. అవి ఉన్నా, నేను తమిళం నేర్చుకోబట్టే ఆ పేజీ చదవగలిగినాను. తెలుగు వదలకుండా ఉండబట్టే దాన్ని అమ్మకు చెప్పగలిగినాను. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఫోటో నా ఫోనులో ఫోటోగానే ఉండిపోయేది.

మాటలతో చాలా తమాషాలు జరిగేవి. ఒక తీర్మానంలో "పళ్ళి మానియం" అని ఉంది. చదివితే అమ్మ, "బడికి మాన్యం భూమి ఎక్కడిదే?" అని అడిగింది. తమిళంలో మానియం అంటే గవర్నమెంటు ఇచ్చే గ్రాంటు. మనకు మాన్యం అంటే దేవునికో, కరణానికో వదిలిన భూమి. ఆ గ్రాంటు లెక్క వెదికి అమ్మకు చెప్పినాను. సమగ్ర శిక్ష కింద పిల్లలు 30 మంది లోపల ఉండే బడికి ఏడాదికి 10,000 రూపాయలు. 31 నుంచి 100 మంది ఉంటే 25,000. 101 నుంచి 250 అయితే 50,000. అమ్మ వెంటనే, "ముప్పై మందికీ ముప్పైయొక్క మందికీ పదైదు వేలు తేడానా?" అనింది. నిజమే. పిల్లలు తగ్గితే ఇంటికప్పు కారడం తగ్గదు, పంపు చెడటం తగ్గదు. డబ్బు మాత్రం తగ్గుతుంది. ఈ లెక్క తరువాత ఎంత పనికొచ్చిందో చెబుతాను.

2023 ఆగస్టు మీటింగు పేజీలో ఒక కొత్త మాట వచ్చింది. "ఉపరి ఆసిరియర్". చదివి వినిపిస్తే అమ్మ సంతోషపడింది. "ఉపరి అంటే పైన అని కదా. తెలుగు టీచరమ్మకు పై పదవి వచ్చిందా?" తమిళంలో ఉపరి అంటే మిగులు. ఉండాల్సిన సంఖ్య కంటే ఎక్కువగా ఉన్న టీచరు. తరువాతి వరుసలో "పణి నిరవల్" అని ఉంది. అంటే మిగులు టీచరును వేరే బడికి సర్దడం. మా బడిలో తెలుగు మీడియం ఐదు తరగతులకూ ఉండిన ఒక్క టీచరమ్మను పంపేస్తారు. కమిటీకి ఈ విషయం తెలిపినట్టు ఆ పేజీలో రాసి ఉంది. కింద అమ్మ సంతకం కోసం ఖాళీ ఉంది. ఆ రోజు సమయం చాలక సంతకాలు మరుసటి వారానికి పెట్టుకున్నారు. అమ్మకు అంతకంటే మంచి అవకాశం దొరకదు.

ఇది ఎవరో పగబట్టి చేసింది కాదు. లెక్క ప్రకారం జరిగింది. తమిళనాడులో ఆగస్టు 1న బడిలో ఎంతమంది పిల్లలు ఉంటే దాన్ని పట్టి టీచర్ల సంఖ్య తేలుస్తారు. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రాథమిక బడికి 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు అని ఉంది. నేను చదివినప్పుడు మా బడిలో 90 దాటి పిల్లలు ఉండేవాళ్ళు. తరువాత పచ్చవ్యాన్లు, ఇంగ్లీషు మీడియం బడులు ఊరి ముందరికే వచ్చినాయి. కొన్ని కుటుంబాలు బెంగుళూరుకు పనికి పోయినాయి. ఆ ఆగస్టు 1న బడిలో 43 మంది ఉన్నారు. తమిళ మీడియంలో 24, తెలుగు మీడియంలో 19. ముగ్గురు టీచర్లు ఉన్నారు. చట్టం లెక్కకు ఇద్దరు చాలు. ఒకరు మిగులు.

ఇక్కడ నాకు అర్థమైనది ఏమంటే, ఆ లెక్క తలకాయలను లెక్కపెడుతుంది, భాషలను లెక్కపెట్టదు. 43 మందికి ఇద్దరు టీచర్లు అంటే కాగితం మీద బాగానే ఉంది. ఆ ఇద్దరికీ తెలుగు చదవడం రాయడం రాకపోతే 19 మంది ఏం కావాలి అనే ప్రశ్న ఆ గడిలో పట్టదు.

మరి భాషను లెక్కపెట్టే సూత్రం లేదా అంటే ఉంది. 1949లో అప్పటి ప్రావిన్సుల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ వేరే మాతృభాష పిల్లలు ఉంటే ఆ భాషలో చెప్పే టీచరును వేయాలి. 1956లో 7వ సవరణతో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయడానికి ప్రయత్నించాలని అది ప్రతి రాష్ట్రానికీ చెబుతుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలంటుంది. కానీ మా 19 మందిని ఐదు తరగతులకు పంచితే ఏ తరగతిలోనూ 10 మంది లేరు, బడిలో 40 మంది లేరు. ఒక సూత్రానికి మేము ఎక్కువైనాము, ఇంకొక సూత్రానికి తక్కువైనాము. చిన్న బడి కష్టమంతా ఈ సందులోనే ఉంది.

ఆ వారం రోజులూ నేను తెలుసుకున్నదంతా ఫోనులో అమ్మకు చెబుతూ పోయినాను. అమ్మ చట్టాల పేర్లు గుర్తు పెట్టుకోలేదు. ఆమె గుర్తు పెట్టుకున్నవి మూడు అంకెలు: 43, 24, 30.

మరుసటి శుక్రవారం మీటింగులో ఏం జరిగిందో అమ్మ, మా పక్కింటి పిన్నమ్మ ఇద్దరూ చెప్పినారు. అమ్మ సంతకం పెట్టే ముందు, "ఈ పేజీని అందరికీ తెలిసేటట్ల చదవండి. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి" అని అడిగింది. సారు తమిళంలో చదివినారు. తెలుగు టీచరమ్మ తెలుగులో చదివింది. తన బదిలీ సంగతి తానే చదవాల్సి వచ్చింది ఆమెకు. గదిలో తెలుగు తల్లులు గుసగుసలాడినారు. తమిళ తల్లులు మాకెందుకులే అన్నట్టు కూర్చున్నారు. వాళ్ళలో ఎక్కువమంది పూలతోటల పనికి, హొసూరు ఫ్యాక్టరీల పనికి వేరే జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు.

అప్పుడు అమ్మ తమిళంలోనే వాళ్ళతో మాట్లాడింది. "టీచరమ్మ పోతే మా పంతొమ్మిది మంది వ్యానెక్కి పోతారు. అప్పుడు మిగిలేది మీ ఇరవై నాలుగు. ముప్పై లోపల అయితే బడికి వచ్చే ఇరవైయైదు వేలు పదివేలు అవుతుంది. మీ పిల్లల పంపు బాగుచేసేది ఏ డబ్బుతో? ఇంకా రెండేళ్ళకు ఇంత చిన్న బడి ఎందుకని పక్కూరి దానితో కలిపేస్తే మీ పిల్లలు రోడ్డు దాటి పోవాల." ఈ మాటతో గది మారిపోయిందట. ఒక తమిళ తల్లి, ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, లేచి "అట్లయితే మా సంతకం కూడా మీతోనే" అనిందట. పాత వాక్యం కింద కొత్త తీర్మానం రాయించినారు. చట్ట ప్రకారం ఉండే రెండు పోస్టులలో ఒకదానిని తెలుగు మీడియం పోస్టుగా ఉంచాలని బ్లాకు విద్యాధికారిని కోరుతూ. ఆ రోజు వచ్చిన 16 మంది సభ్యులూ సంతకాలు, వేలిముద్రలు వేసినారు. హెడ్మాస్టరు సారు కూడా పెట్టినారు. "ఇన్నేండ్లలో ఈ పుస్తకంలో మీరు రాయమన్నది ఇదే మొదటిది" అని నవ్వినారట.

అయితే "మీ బడిలో చదువు ఎట్లా ఉంది?" అని ఆఫీసులో అడిగితే ఏం చెప్పాలి అన్నది తరువాత వచ్చిన ప్రశ్న. టీచరు కావాలని అడిగితే చాలదు, టీచరు ఉన్నప్పుడు పిల్లలకు ఏం వచ్చిందో చూపించాలి. బడి పనితనాన్ని ఎట్లా కొలవాలి అనేది పెద్ద పెద్దవాళ్ళకే తేలని విషయం. అసర్ అనే సర్వే 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ పోయి పిల్లల చేత చదివిస్తోంది. దేశం మొత్తం మీద పల్లెల్లో 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 27.3 శాతం, కరోనా తరువాత 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. అంటే నలుగురిలో ఒకరు. ఆ సర్వే పద్ధతి చాలా సులువు. అక్షరాలు, మాటలు, ఒక చిన్న పేరా, ఒక చిన్న కథ. బిడ్డ ఎక్కడ ఆగుతాడో చూసుకోవడమే.

నేను ఆ పద్ధతి చెబితే అమ్మా వాళ్ళు ఒక ఆదివారం మా ఇంటి పంచలో పిల్లలను కూర్చోబెట్టినారు. 2వ తరగతి తెలుగు వాచకం తెరిచి 3, 4, 5 తరగతుల పిల్లలు 12 మంది చేత ఒక్కొక్క పేజీ చదివించినారు. మా అవ్వకు చదువు రాదు. అయినా ఆమే ముందు కూర్చుంది. "నాకు అచ్చరం రాకపోతేనేమి, బిడ్డ తడుముకొనేది చెవులకి తెలస్తుంది గదా" అనింది. ఐదుగురు గడగడ చదివినారు. నలుగురు ఆగి ఆగి చదివినారు. ముగ్గురు అక్షరాల దగ్గరే నిలిచిపోయినారు. ఆ ముగ్గురిలో ఒకరు మా తమ్ముడు. అధ్యక్షురాలి కొడుకు. అమ్మ ఆ పేరును కూడా కాగితం మీద రాయించింది. దాచిపెట్టి ఆఫీసుకు పోతే మన మాటకు విలువ ఉండదని ఆమె వాదన.

ఆ కాగితం, తీర్మానం నకలు తీసుకొని నలుగురు తల్లులు, ఇద్దరు తెలుగు, ఇద్దరు తమిళం, బ్లాకు ఆఫీసుకు పోయినారు. ఒక పూట కూలి పోయింది. అక్కడ అధికారి మర్యాదగానే విన్నారు. లెక్క తన చేతిలో లేదన్నారు. అర్జీ పైకి పంపుతానన్నారు.

ఈ మధ్యలోనే ఇంకొకటి జరిగింది. పొద్దుటి టిఫిను పథకం 2022 సెప్టెంబరు 15న మదురైలో మొదలై, 2023 ఆగస్టు 25న రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వచ్చింది. మా బడికీ వచ్చింది. తోటపనికి తెల్లవారే పోయే తల్లులకు అది ఎంత సాయమో చెప్పలేను. టిఫిను మొదలైన నెలలోపల వ్యాను బడికి పోయిన ఇద్దరు పిల్లలు తిరిగి వచ్చినారు. కానీ లెక్కపెట్టే రోజు ఆగస్టు 1. టిఫిను వచ్చింది 24 రోజులు ఆలస్యంగా. ఆ ఇద్దరూ ఆ ఏడు లెక్కలోకి రాలేదు.

చివరికి ఏమైందంటే, పోస్టు పోయింది. టీచరమ్మను పక్క బ్లాకులో పెద్ద బడికి వేసినారు. కానీ అక్టోబరులో క్వార్టర్లీ సెలవులు అయిన తరువాత ఒక ఉత్తర్వు వచ్చింది. వారంలో మూడు రోజులు ఆమె మా బడిలో పని చేయాలని. అడిగింది మొత్తం దొరకలేదు, సగం దొరికింది. మిగతా రెండు రోజులు తెలుగు పిల్లలు తమిళ తరగతిలో కూర్చుంటారు, లెక్కలు చేస్తారు, బొమ్మలు వేస్తారు. 19 మందిలో నలుగురు వెళ్ళిపోయినారు. 15 మంది ఉన్నారు. తిరిగి వచ్చిన ఇద్దరితో 17. బడి 30 మీదనే ఉంది. 25,000 వచ్చింది, పంపు బాగైంది. మా తమ్ముడు ఇప్పుడు 4వ తరగతి, ఆగి ఆగి చదువుతాడు. గడగడ ఇంకా రాలేదు.

2024లో కమిటీని మళ్ళీ వేసినారు. అధ్యక్షురాలు ఇప్పుడు ఆ ఇద్దరు ఆడపిల్లల తమిళ తల్లి. అమ్మ సభ్యురాలిగా ఉంది. మీటింగులో పేజీని రెండు భాషల్లో చదివిన తరువాతే సంతకం పెట్టడం మాత్రం నిలిచింది. ఆ అలవాటుకు ఉత్తర్వు ఏమీ లేదు, చదవకుండా పుస్తకం ముందర పెడితే ఎవరూ కలం ముట్టుకోరు, అంతే.

ఇదంతా మన గోడపత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, మన డిపార్టుమెంటులో హొసూరు, కృష్ణగిరి, తిరుత్తణి, వేలూరు, కోయంబత్తూరు పక్కల నుంచి వచ్చినవాళ్ళం ఉన్నాం. తెలుగు చదివి ఏం చేస్తారు అని మనల్ని అందరూ అడుగుతారు. తమిళం చదివి తెలుగులో చెప్పగలిగినవాళ్ళు మన ఊళ్ళలో చాలా తక్కువ. ఆ తక్కువమందిలో మనం ఉన్నాం. కమిటీ మీద తల్లుల పేర్లు ఉన్నాయి, చట్టం వాళ్ళకు అధికారం ఇచ్చింది, కానీ ఆ అధికారం వాళ్ళకు రాని భాషలో, చదవని పుస్తకంలో ఉంది. అక్కడినుంచి వాళ్ళ చెవిదాకా తేవడానికి ఒక గొంతు కావాలి. ఫోను చాలు, ఒక అరగంట చాలు.

కొత్త పిల్లలను చేర్చుకోవడం ఈ మార్చిలోనే మొదలౌతుంది. ఆగస్టు 1 అంత దూరం లేదు. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ ఊరి బడికి ఒకసారి పోండి. తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారు, టీచర్లు ఎంతమంది, కమిటీలో మీ వీధి వాళ్ళు ఎవరు ఉన్నారు అని కనుక్కోండి. తీర్మానాల పుస్తకం పోయిన మూడు పేజీలు ఎవరితోనైనా ఫోటో తీయించుకోండి.

మేడంగార్లకు కూడా ఒక మనవి. తీర్మానాల్లో, ఆఫీసు ఉత్తరాల్లో వచ్చే తమిళ మాటలకు తెలుగు అర్థాల పట్టిక ఒకటి మనమే తయారు చేద్దాం. మానియం అంటే గ్రాంటు, ఉపరి అంటే మిగులు, పణి నిరవల్ అంటే టీచర్ల సర్దుబాటు, వరుగై పదివేడు అంటే హాజరు పట్టీ. నా దగ్గర ఇప్పటికి 40 మాటలు ఉన్నాయి. మీరు పంపే ఫోటోల నుంచి ఇంకొన్ని వస్తాయి. పట్టిక అయినాక ఇదే గోడ మీద పెడదాం, తలా ఒక నకలు ఊరికి తీసుకుపోదాం. పేర్లు ఇవ్వాలనుకున్నవాళ్ళు మూడో సంవత్సరం క్లాసులో నన్ను అడగండి.